యూకేలో ఉన్న మనవాళ్ళు లోకల్ వాకింగ్ గ్రూపులో చేరడం ఎలా

ఇక్కడికొచ్చి ఏళ్ళవుతున్నా మనవాళ్ళలో చాలామందికి వీకెండ్ అంటే ఇండియన్ షాపులో సరుకులు, ఎవరింట్లోనో పుట్టినరోజు, అంతే. ఊరు దాటగానే పొలాల మధ్యలోంచి పోయే పబ్లిక్ ఫుట్‌పాత్‌లు ఉన్నాయని, పొలం ఎవరిదైనా సరే ఆ దారిలో నడిచే హక్కు చట్టప్రకారం మనకి కూడా ఉందని తెలీదు. కొత్త చోటుకి ఒక్కళ్ళమే వెళ్ళాలంటే జంకుతాం కదా, అందుకే గ్రూపుతో మొదలెట్టండి.

నన్నడిగితే ముందు ర్యాంబ్లర్స్ చూడండి. 1935 నుంచీ ఉన్న నడిచేవాళ్ళ సంస్థ, ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ అంతటా లోకల్ గ్రూపులున్నాయి, నడిపించేది వాలంటీర్లే. వాళ్ళ వెబ్‌సైట్లో మీ పోస్ట్‌కోడ్ కొడితే దగ్గర్లో జరిగే వాక్‌లన్నీ వస్తాయి. డబ్బులు ముందే కట్టక్కర్లేదు, మూడు వాక్‌లు ఫ్రీగా వెళ్ళొచ్చాక నచ్చితే మెంబర్ అవ్వొచ్చు. ఆ మూడూ ఒకే గ్రూపుతో వెళ్ళకండి, వీక్‌డేస్‌లో నడిచేవాళ్ళు ఎక్కువగా రిటైరైనవాళ్ళు, కొన్నిచోట్ల ఇరవై ముప్పైల్లో ఉన్నవాళ్ళకి వేరే గ్రూపులుంటాయి, ఎవరితో మీకు కుదురుతుందో వెళ్తేనే తెలుస్తుంది.

వాక్ ఎంచుకునేటప్పుడు అసలు చూడాల్సింది గ్రేడ్, అంటే నడక ఎంత కష్టమో. ఈజీ, లీజర్లీ, మోడరేట్, స్ట్రెన్యువస్ అని రాస్తారు. పార్కులో చదునుగా ఐదు మైళ్ళు నడవడం వేరు, బురదలో గుట్టెక్కి దిగుతూ ఐదు మైళ్ళు వేరు. నడకకి ఎంత టైం పడుతుందో చూడటానికి 1892లో నేస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు, గంటకి 3 మైళ్ళు, ఎక్కే ప్రతి 2000 అడుగులకి ఇంకో గంట కలుపుకోవాలి, అదీ మధ్యలో ఆగకుండా నడిస్తే. కాబట్టి మొదట ఈజీ గానీ లీజర్లీ గానీ చాలు.

వెనకబడిపోతామేమో అని మనవాళ్ళు ఆగిపోతుంటారు, ఆ భయం అస్సలు అక్కర్లేదండి. ముందు లీడర్ నడుస్తారు, అందరికంటే చివర బ్యాక్ మార్కర్ అని ఒకరుంటారు, వాళ్ళ వెనక ఎవరూ మిగలకూడదు అదే రూలు. ముందురోజే లీడర్‌కి మొదటిసారి వస్తున్నానని ఒక మెసేజ్ పెట్టండి, బాగా చూసుకుంటారు.

దారిలో కిస్సింగ్ గేట్ అని ఒకటి తగులుతుంది, చిన్న కంచె గూడులో గేటు అటూ ఇటూ ఊగుతుంటుంది, గేటు తోసి ఆ గూట్లోకి వెళ్ళి, ఓ మూలకి ఒదిగి, గేటుని వెనక్కి తోసి అవతలికి దాటాలి. ఒక్కొక్కరే వెళ్ళాలి, బ్యాగ్ పెద్దదైతే ఇరుక్కుంటుంది. పశువులు మాత్రం దాటలేవు, దాని ఉపయోగమే అది. మామూలు గేట్లయితే తెరిచి ఉంటే తెరిచే, వేసి ఉంటే వేసే వదిలేయాలి. దూడలతో ఉన్న ఆవుల మధ్యలోంచి మాత్రం వెళ్ళొద్దు, చుట్టూ తిరిగి పోండి.

జీన్స్ వద్దు, తడిస్తే త్వరగా ఆరవు. గ్రిప్ ఉన్న బూట్లు, వాటర్‌ప్రూఫ్ జాకెట్, నీళ్ళు. లంచ్‌కి పులిహోర డబ్బాలో పెట్టుకెళ్ళండి, గడ్డిలో కూర్చుని స్పూన్‌తో తినేయొచ్చు, పక్కవాళ్ళకి కూడా కాస్త పెట్టండి, మాటలు వాటంతటవే మొదలవుతాయి. వేసవిలో పొడుగు గడ్డిలో నడిస్తే ఇంటికొచ్చాక కాళ్ళకి టిక్ పురుగులు (పిడుదులు) పట్టాయేమో చూసుకోండి. ఎవరి కార్లోనైనా లిఫ్ట్ తీసుకుంటే పెట్రోల్‌కి మీ వాటా ఇచ్చేయండి, వేరే జత చెప్పులు, బురద బూట్లకి ఓ ప్లాస్టిక్ కవరు వెంట ఉంచుకోండి.