విశాఖ నుంచి బ్రైట్‌హార్న్‌కి: ముందు ఊపిరి సంగతి చూడండి

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచిన కాళ్లకు బ్రైట్‌హార్న్ పెద్ద పరీక్షేమీ కాదు. స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దు మీదున్న ఈ శిఖరం ఎత్తు 4,164 మీటర్లు. 3,883 మీటర్ల దాకా కేబుల్ కారే తీసుకెళ్తుంది. ఆపైన రెండు గంటల ఎక్కుడు. అందుకే పర్వతారోహణ కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్ని ఎంచుకుంటారు. చిక్కంతా గాలితోనే. శిఖరం మీద గాలి పీడనం మన బీచ్ రోడ్డులో ఉండేదాంట్లో 60 శాతమే. అరకు ఎత్తు కూడా దానికి ఒంటిని అలవాటు చేయలేదు.

శిఖరం కింద లోయలో ఉన్న జెర్మాట్ ఊళ్లో రెండు రాత్రులు పడుకోండి. మధ్యలో ఒక పగలు రైల్లో 3,089 మీటర్ల గోర్నర్‌గ్రాట్ ఎక్కి, కాసేపు తిరిగి దిగిపోండి. మూడో రాత్రి సుమారు 3,000 మీటర్ల ఎత్తులో గాండెగ్ హట్ అనే కొండ బసలో. శిఖరం మర్నాడే. ఊళ్లో దిగిన మర్నాడే పైకి పరిగెడితే తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయి. అవి మొదలయ్యాక మాత్ర మింగి ముందుకెళ్లడం ప్రాణాలతో చెలగాటం; వెంటనే దిగాలి.

ఇక్కడ చేయాల్సింది కాళ్ల సాధన. మూడు నెలల పాటు, వారానికి మూడుసార్లు, వీపున ఎనిమిది కిలోలతో తొలి పావంచా నుంచి సింహాచలం మెట్లెక్కండి, ఎండెక్కకముందే. దిగేటప్పుడూ నడిచే దిగండి. మోకాళ్లకు అసలు పని అప్పుడే. అక్కడ వేసుకునే బూట్లు ఇక్కడే కాలికి అలవాటవ్వాలి.

క్రాంపాన్లు, అంటే మంచు మీద జారకుండా బూటు కింద బిగించే ముళ్ల చట్రాలు, అద్దెకు తీసుకుంటే బూటుకు తగిలించి, పట్టీ బిగించకుండా ఊపి చూడండి. ఊడితే కొలత కుదరనట్టే. మంచు మెత్తబడితే వాటి అడుగున ముద్దకట్టి కాలు జారుతుంది, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) కర్రతో తట్టి రాల్చాలి.

దారంతా హిమానీనదం మీదే. అడుగుజాడలు కనిపిస్తున్నాయి కదా అని చాలామంది తాడు కట్టుకోరు. ఇది పెద్ద తప్పు. జాడ కిందే మంచు కప్పేసిన పగులు ఉండొచ్చు. ముగ్గురైతే మనిషికీ మనిషికీ పది, పన్నెండు మీటర్ల తాడు ఉంచండి. అది వేలాడకూడదు, వదులుగా ఉంటే పడినవాడు వేగం పుంజుకుని పక్కవాణ్నీ లాగేస్తాడు. పగులులోంచి మనిషిని తీయడం రానివాళ్లు గైడు లేకుండా వెళ్లొద్దు.

చివరి వాలు సుమారు 35 డిగ్రీలు. అడ్డంగా మలుపులు తిరుగుతూ ఎక్కండి, ఐస్ యాక్స్ కొండవైపు చేతిలో. పైన అంచుకు పోవద్దు: కార్నిస్ అనే మంచు చూరు కింద ఏమీ ఉండదు. మధ్యాహ్నానికి మంచు వంతెనలు బలహీనపడతాయి, అందుకని మొదటి కేబుల్ కారే పట్టుకోండి. కిందికి ఆఖరి కారు ఎన్నింటికో ఎక్కేముందే రాసిపెట్టుకోండి.