బలి కథను విమర్శ దృష్టితో చదవడం ఎలా?

కన్నకొడుకును బలి ఇవ్వడానికి సిద్ధపడిన తండ్రి కథ ఆదికాండం 22వ అధ్యాయంలోను, ఖుర్ఆన్ 37వ సూరాలోను ఉంది. ఒకటి అబ్రాహాముది, మరొకటి ఇబ్రాహీంది. బక్రీదు సందర్భంగా విన్నది, బైబిలులో చదివినది మనలో చాలామందికి కలిసిపోయి ఒకే కథగా గుర్తుంటాయి. ఆధునిక విమర్శకుల జోలికి పోకముందే ఆ రెంటినీ విడదీయాలి, లేకపోతే ఏ వాదం ఏ వాక్యం మీద నిలబడిందో తెలియదు.

మొదట ఆదికాండం 22లోని తొలి 19 వచనాలను పెన్సిలు పట్టుకుని చదవండి. దేవుణ్ణి పేర్కొన్న ప్రతిచోటా గీత గీస్తే తెలుగు బైబిలులోనే ఒక తేడా బయటపడుతుంది: ఆజ్ఞ ఇచ్చినది ‘దేవుడు’, 11వ వచనంలో కత్తిని ఆపినది ‘యెహోవా దూత’. ఇలాంటి మార్పుల ఆధారంగానే ఇక్కడ ఒకటికి మించిన చేతుల రాత ఉందని మూలవిమర్శకులు, అంటే పాఠం ఏ పాత రచనల నుంచి కూర్చబడిందో వెదికే పండితులు, భావించారు. 2007లో తత్త్వవేత్త ఒమ్రీ బోహ్మ్ మరో అడుగు వేసి, దూత మాటలు తరువాత చేర్చినవనీ, తొలి కథలో అబ్రాహామే ఆజ్ఞను కాదని కొడుకుకు బదులు పొట్టేలును ఎంచుకున్నాడనీ వాదించాడు. అయితే 12వ వచనంలో దూత నోట మళ్లీ ‘దేవుడు’ అనే మాటే వస్తుంది కనుక, పేర్ల తేడా ఒక్కదానినే పట్టుకుని తీర్పు చెప్పకండి.

పేర్ల తరువాత ‘కలిసి’ అనే మాటను వెదకండి. హీబ్రూలో అది ‘యహ్‌దావ్’. 6, 8 వచనాల్లో తండ్రీకొడుకులు కలిసి నడుస్తారు. 19వ వచనంలో అబ్రాహాముతో కలిసి వెళ్లేది పనివాళ్లు. కొడుకు ఇస్సాకు ప్రస్తావనే లేదు. నన్ను ఈ అధ్యాయంలో ఎక్కువసేపు ఆపేది ఈ ఖాళీయే. పాత యూదు వ్యాఖ్యానాల్లో కొన్ని దీన్ని పూరించబోయి, కొడుకు ప్రాణం పోయి తిరిగి వచ్చిందన్నంతవరకు వెళ్లాయి.

ఇప్పుడు ఖుర్ఆన్ 37వ సూరాలో 99 నుంచి 113 వరకు ఉన్న ఆయతులు తీయండి. ఇక్కడ ఆజ్ఞ కలలో వస్తుంది. తండ్రి ఆ కల చెప్పి కొడుకు అభిప్రాయం అడుగుతాడు, కొడుకు సమ్మతిస్తాడు. ఆదికాండంలోని ఇస్సాకు అడిగేది గొర్రెపిల్ల ఏదని మాత్రమే. ఖుర్ఆన్ ఆ కొడుకు పేరు చెప్పదు. 923లో మరణించిన ఖుర్ఆన్ వ్యాఖ్యాత తబరీ ఇస్హాఖ్ (ఇస్సాకు) అన్నాడు. 1373లో మరణించిన మరో వ్యాఖ్యాత ఇబ్న్ కసీర్, ఇబ్రాహీం మరో కొడుకైన ఇస్మాయీల్ అన్నాడు. నేడు ముస్లింలలో ఎక్కువమంది నమ్మిక ఇస్మాయీలే. కనుక ‘ఖుర్ఆన్ పేరు మార్చింది’ అని రాయకండి. పాఠం ఏం చెప్పిందో, వ్యాఖ్యాత ఏం చేర్చాడో వేర్వేరు వరుసల్లో రాసుకోండి.

చివరగా నీతికి సంబంధించిన ప్రశ్నలకు రండి. బిడ్డను కాపాడడం కాక, బలికి సిద్ధపడడమే విశ్వాసానికి నమూనా ఎందుకైందని 1998లో మానవశాస్త్రవేత్త కెరోల్ డెలానీ అడిగింది. బిడ్డ తండ్రి సొత్తు అన్న భావన ఇందులో దాగి ఉందని ఆమె వాదన. అబ్రాహాము చివరికి ఆగాడు కదా అని జవాబిచ్చి ఊరుకోకుండా, ఆ ప్రశ్నతో రెండు పాఠాల్లోనూ తల్లి కోసం వెదకండి. ఖుర్ఆన్‌లోని ఆ ఆయతుల్లో ఆమె లేదు. ఆదికాండం 22లోనూ శారా మాట లేదు, ఆమెకు ఎవరూ చెప్పినట్టూ లేదు. 23వ అధ్యాయం ఆమె మరణంతో మొదలవుతుంది.