సొంత వెబ్‌సైట్, పాఠం 9: డేటాబేస్‌లో మిగిలిపోయిన పాత చిరునామాలు

కిందటి పాఠంలో సర్టిఫికెట్ ఎక్కించాం. సైట్ ఇప్పుడు హెచ్‌టీటీపీఎస్‌తో తెరుచుకుంటోంది. అయినా కొన్ని పేజీల్లో స్లైడర్ కదలడం లేదు, ఫారం పనిచేయడం లేదు అంటే లోపం సర్టిఫికెట్‌ది కాకపోవచ్చు. వర్డ్‌ప్రెస్‌లో మనం ఒక బొమ్మ పెట్టినప్పుడల్లా దాని పూర్తి చిరునామా, ముందున్న హెచ్‌టీటీపీతో సహా, డేటాబేస్‌లోకి చేరిపోతుంది. భద్రమైన పేజీలోంచి పాత చిరునామాతో స్క్రిప్టును, అంటే స్లైడర్‌నో ఫారంనో నడిపే కోడ్‌ను, పిలిస్తే బ్రౌజర్ దాన్ని రానివ్వదు.

ముందు బ్యాకప్. తీశాక దాన్ని మీ కంప్యూటర్‌లోకి దించుకోండి, సర్వర్‌లోనే వదిలేయకండి.

ఆ తర్వాత సెట్టింగ్స్‌లో జనరల్ పేజీకి వెళ్లి వర్డ్‌ప్రెస్ అడ్రస్, సైట్ అడ్రస్ రెండూ హెచ్‌టీటీపీఎస్‌కు మార్చండి. సేవ్ చేయగానే బయటికి నెట్టేస్తుంది, కంగారు పడకుండా మళ్లీ లాగిన్ అవ్వండి. ఆ గడులు బూడిదరంగులో ఉండి మార్చనివ్వకపోతే, చిరునామా డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్లో రాసి ఉందన్నమాట. అక్కడ మార్చాలి. 2021లో వచ్చిన 5.7 వెర్షన్ నుంచి సైట్ హెల్త్‌లో దీనికో బటన్ కూడా ఉంది. కాకపోతే అది పోస్టుల్లోని పాత చిరునామాలను చూపించేటప్పుడే సరిచేస్తుంది, లోపల రాసి ఉన్నదాన్ని ముట్టుకోదు.

అసలు చిక్కు ఇక్కడే. చాలామంది పీహెచ్‌పీ మైఅడ్మిన్ (డేటాబేస్‌ను నేరుగా మార్చే పనిముట్టు) తెరిచి, ఎస్‌క్యూఎల్ రీప్లేస్‌తో అన్ని టేబుళ్లనీ ఒక్క ఊపులో మార్చేస్తారు. పోస్టుల్లోని మామూలు రాతకు అది చాలు. కానీ విడ్జెట్ల, థీముల సెట్టింగ్స్‌ను వర్డ్‌ప్రెస్ మూటకట్టి దాస్తుంది. దీన్ని సీరియలైజ్ చేయడం అంటారు. ఆ మూటలో ప్రతి మాట పక్కనా దాని పొడవు రాసి ఉంటుంది. హెచ్‌టీటీపీతో మొదలయ్యే ఎగ్జాంపుల్ డాట్ కామ్ చిరునామా పొడవు 18. ఒక 'ఎస్' చేరితే 19 అవుతుంది. పక్కనున్న అంకె మాత్రం 18 గానే ఉండిపోతుంది. లెక్క తప్పితే, వర్డ్‌ప్రెస్‌ను నడిపే పీహెచ్‌పీ ఆ మూటను అసలు విప్పనే విప్పదు. నేనిలాగే చేసి, సైడ్‌బార్ ఖాళీ అయితే గంటసేపు థీమును తిట్టుకున్నాను.

అందుకని మూట విప్పి, మార్చి, అంకె సరిచేసి మళ్లీ కట్టే పనిముట్టు కావాలి. కమాండ్ లైన్ అలవాటుంటే డబ్ల్యూపీ-సీఎల్ఐలోని సెర్చ్-రీప్లేస్, లేకపోతే బెటర్ సెర్చ్ రీప్లేస్ ప్లగిన్. రెండింటిలోనూ డ్రై రన్, అంటే ఏదీ మార్చకుండా లెక్క మాత్రమే చూపే పద్ధతి, ఉంది. ముందు అది నడిపి, ఏ టేబుల్లో ఎన్ని మారతాయో చూడండి.

వెతికేచోట డొమైన్‌తో సహా పూర్తి చిరునామా ఇవ్వండి. ఉత్త హెచ్‌టీటీపీ అని ఇస్తే ఇప్పటికే భద్రంగా ఉన్నవాటికి ఇంకో 'ఎస్' తగులుకుంటుంది, బయటి సైట్లకిచ్చిన లింకులూ మారిపోతాయి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న రూపానికి, లేని రూపానికి విడివిడిగా నడపండి. జీయూఐడీ కాలమ్‌ను మాత్రం వదిలేయండి. కొత్త పోస్టులను తెచ్చి చూపించే ఫీడ్ రీడర్లు పోస్టును గుర్తుపట్టేది దాంతోనే, మారిస్తే పాత పోస్టులన్నీ కొత్తవిగా వెళ్తాయి.

ఎలిమెంటార్ లాంటి పేజ్ బిల్డర్ వాడేవారికి ఇంకో మెలిక. అది చిరునామాలోని ప్రతి వాలు గీతకు (/) ముందు వెనక్కి వాలిన గీత (\) చేర్చి దాస్తుంది, మామూలు వెతుకులాటకు దొరకదు. దాని టూల్స్‌లోనే ఉన్న రీప్లేస్ యూఆర్ఎల్ వాడండి.

అభ్యాసం: క్యాష్ (త్వరగా చూపడానికి దాచుకున్న పాత పేజీల కాపీలు) ఖాళీ చేసి, డ్రై రన్ మళ్లీ నడపండి. జీయూఐడీ కాకుండా సున్నా రావాలి. రాకపోతే మిగిలింది ఏ టేబుల్లోనో రాసి పెట్టుకోండి. పాఠం 10లో, పాత చిరునామాకు వచ్చినవారిని కొత్తదానికి పంపే 301 రీడైరెక్టు పెట్టేముందు, వాటి సంగతి చూద్దాం.