డిగ్రీ అయ్యాక విదేశీ చదువు: నెల్లూరు, ఒంగోలు పిల్లలు ముందు సర్దుకోవాల్సిన కాగితాలు

విదేశీ చదువు అనగానే ఇంట్లో ఏ దేశం, ఏ యూనివర్సిటీ అనే మాటలే నడుస్తాయి. ఆలస్యమయ్యేది మాత్రం అక్కడ కాదు. మెమోలో పేరు సరిచేయించడానికి, అన్ని సెమిస్టర్ల మార్కులు ఒకచోట చూపే ట్రాన్‌స్క్రిప్టులు తెప్పించడానికి, ఆస్తి కాగితాలకు బ్యాంకును ఒప్పించడానికే నెలలు పోతాయి. అమెరికాలో ఆగస్టు సీట్లకు చాలా చోట్ల డిసెంబరు, ఫిబ్రవరి మధ్యలో గడువు ముగుస్తుంది. జర్మనీ శీతాకాల సెమిస్టరుకి చాలా కోర్సుల్లో జులై 15 ఆఖరు, కొన్నిటికి ఇంకా ముందే. కాబట్టి ఆఖరి సంవత్సరం మొదటి సెమిస్టర్‌లోనే కాగితాలు బయటికి తీయండి.

అన్నిటికంటే ముందు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంటర్ మెమోలో పొడి అక్షరమే, పాస్‌పోర్టులో ఇంకోలా. పదో తరగతి మెమోనే ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్పించుకోవాలి. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరును సర్‌నేమ్ గడిలో, మీ పేరును గివెన్ నేమ్ గడిలో వేయండి. రెండూ కలిపి ఒకే గడిలో పెట్టి సర్‌నేమ్ ఖాళీగా వదిలేస్తే, అమెరికా వీసా మీద మీ పేరంతా సర్‌నేమ్ కిందికి పోయి మొదటి పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని, అంటే ‘మొదటి పేరు తెలియదు’ అని పడుతుంది. ఆ తర్వాత అక్కడి బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో అదే మిమ్మల్ని వెంటాడుతుంది. మామూలు 36 పేజీల పాస్‌పోర్టుకి ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్‌కి 3,500. ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాయాలంటే పాస్‌పోర్టు ఉండాల్సిందే కాబట్టి ఈ పని వాయిదా వేయొద్దు.

తర్వాత సర్టిఫికెట్లు ఇచ్చే యూనివర్సిటీ ఏదో చూసుకోండి. నెల్లూరు డిగ్రీ కాలేజీల వాళ్లు కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీకి వెళ్లాలి. ఒంగోలు వైపు ఆంధ్రకేసరి యూనివర్సిటీ రాకముందు డిగ్రీలో చేరిన వాళ్లు నాగార్జున యూనివర్సిటీకే పోవాలి. ఇంజినీరింగ్ అయితే నెల్లూరు కాలేజీలు ఎక్కువగా అనంతపురం జేఎన్‌టీయూ కిందివి, ఒంగోలు వైపువి కాకినాడ జేఎన్‌టీయూ కిందివి. అటానమస్ కాలేజీలో చదివుంటే ట్రాన్‌స్క్రిప్టు కాలేజీ ఇస్తుందా, యూనివర్సిటీ ఇస్తుందా అని పరీక్షల విభాగంలో ముందే కనుక్కోండి. ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో, అన్ని సెమిస్టర్ల మెమోలు, సీల్ వేసిన ట్రాన్‌స్క్రిప్టు కవర్లు కావాలి. కవర్లు ఒకటి రెండు ఎక్కువే తీసుకోండి. సీల్ తెరిచిన కవరు చెల్లదు. మన డిగ్రీ అక్కడి ఏ చదువుకి సమానమో తేల్చే డబ్ల్యూఈఎస్ అనే సంస్థ మూల్యాంకనం అడిగితే ట్రాన్‌స్క్రిప్టు యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్లాలి, మీ చేత్తో పంపింది వాళ్లు తీసుకోరు. పదికి ఉన్న సీజీపీఏని మీరే 4కి కుదించి రాయొద్దు, మెమోలో ఉన్నది ఉన్నట్టే ఇవ్వండి.

సిఫార్సు లేఖల దగ్గర చిన్న ఊళ్ల కాలేజీల పిల్లలు ఇరుక్కుంటారు. లెక్చరర్‌కి జీమెయిల్ తప్ప కాలేజీ మెయిల్ ఉండదు, కొన్ని విదేశీ యూనివర్సిటీలు దాన్ని ఒప్పుకోవు. ప్రిన్సిపాల్‌ని అడిగి కాలేజీ పేరుమీద మెయిల్ ఐడీ తెరిపించండి. కుదరకపోతే హెచ్‌ఓడీ మెయిల్ వాడండి.

పీజీ ప్రవేశాలకు అడిగే జీఆర్‌ఈ స్కోరు 5 ఏళ్లు, ఇంగ్లిషు పరీక్షలైన ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ 2 ఏళ్లు చెల్లుతాయి. జర్మనీ వెళ్లేవాళ్లకు, మన సర్టిఫికెట్లు అసలైనవని పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, ఫీజు 18,000 రూపాయలు.

కన్సల్టెన్సీకి వెళ్లడం తప్పు కాదు. అయితే ఫీజు లేదని చెప్పే చోట కమీషన్ ఇచ్చే యూనివర్సిటీల పేర్లే ముందుకొస్తాయని గుర్తుంచుకోండి. అప్లికేషన్ మెయిల్, పాస్‌వర్డ్ మీ చేతిలోనే ఉంచుకోండి. క్లాసులు అక్కర్లేదు, మొదటి రోజు నుంచే ఉద్యోగం అన్నారంటే లేచి వచ్చేయండి. అమెరికా అధికారులే వల పన్ని నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో 2019 జనవరిలో 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది.

ఇక డబ్బు. పదెకరాల వరి పొలం ఉందిగా, లోన్ వచ్చేస్తుందిలే అనుకుంటారు. బాకీ కట్టకపోతే కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు కాబట్టి బ్యాంకులు చదువు లోనుకి పొలాన్ని, రొయ్యల గుంటల్ని తాకట్టుగా సాధారణంగా తీసుకోవు. గ్రామకంఠం ఇంటికి రిజిస్టర్డ్ లింకు డాక్యుమెంట్లు ఉండవు, అదీ తిరిగొస్తుంది. నెల్లూరు, ఒంగోలు పట్టణాభివృద్ధి సంస్థలైన నుడా, ఔడా అనుమతి ఉన్న లేఅవుట్ ప్లాటు, ప్లాను ఉన్న ఇల్లు, అపార్ట్‌మెంటు ఫ్లాటు నిలబడతాయి. ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఈసీ, లింకు డాక్యుమెంట్లు, పన్ను రసీదు ముందే తీసి పెట్టుకోండి. లాయరు అభిప్రాయం, ఇంజినీరు విలువకట్టడం బ్యాంకే చేయిస్తుంది, ఖర్చు మీదే. సహ దరఖాస్తుదారుగా ఉండే నాన్న సిబిల్, అంటే పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే స్కోరు కూడా చూస్తారు. పాత పంట లోను, బంగారం లోను బాకీ మిగిలుంటే కట్టేసి నో డ్యూస్ లేఖ తీసుకోండి, అది సిబిల్‌లో ఎక్కాకే దరఖాస్తు పెట్టండి. 7.5 లక్షల లోపు లోనుకి చాలా ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు అడగవు. పీఎం విద్యాలక్ష్మి చదువు లోను పథకం మన దేశంలోని సంస్థల్లో చదివేవాళ్లకే. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌ని వదులుకోవద్దు. దానికి కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, డిగ్రీలో 60 శాతం ఉండాలి.

ఖాతాలో చూపించే డబ్బుకి ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. బ్రిటన్‌కి 28 రోజులు వరసగా నిల్వ ఉండాలి, మధ్యలో ఒక్క రోజు తగ్గినా తిరస్కరిస్తారు. ఖాతా మీది, అమ్మానాన్నలది లేదా చట్టబద్ధ సంరక్షకులది అయితేనే చెల్లుతుంది, బాబాయి, మేనమామ ఖాతా పనికిరాదు. అమ్మానాన్నలది చూపిస్తే మీ జనన ధ్రువపత్రం, వాళ్ల అంగీకార లేఖ జతచేయాలి. జర్మనీకి నెలనెలా కొంతే తీసుకోనిచ్చే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. అమెరికాకి, సీటిచ్చిన యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రంలో రాసిన మొదటి ఏడాది ఖర్చు చూపాలి, విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు వేరే. డబ్బు అప్పుగా తెచ్చి నాలుగు రోజులు ఖాతాలో పెట్టడం, నకిలీ బ్యాలెన్సు లేఖలు పెట్టడం వద్దు. దొరికితే ఆ ఒక్క వీసా పోవడంతో ఆగదు, తర్వాతి దరఖాస్తులన్నిటికీ అదే అడ్డం పడుతుంది.

వీసా వచ్చాక బ్రాంచిలో ఒక పని మిగులుతుంది. లోను వాయిదాల వారీగా విడుదలవుతుంది. రెండో సెమిస్టరు ఫీజు బిల్లు, మొదటి సెమిస్టరు మార్కులు గడువుకి 3 వారాల ముందే బ్యాంకుకి మెయిల్ చేయాలి. కాగితాల మీద మీ సంతకం పెట్టాల్సి వస్తే ఇక్కడ పెట్టడానికి నాన్నకో అమ్మకో పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి వెళ్లండి. అందులో లోను ఖాతా సంఖ్య ఉండాలి.