ఇంట్లో పెద్దవాళ్లకు కరోనా టీకా వేయించడం ఎలా?

మా నాన్నకు 76, అమ్మకు 70. సూదంటే ఇద్దరికీ భయం లేదు, టెన్షనల్లా అక్కడ ఎంతసేపు నిలబడాలి, బాత్రూమ్ ఉంటుందా లేదా అన్నదే. పోయిన నెల ఇద్దరికీ మొదటి డోసు వేయించాక, వాళ్ల టెన్షన్ న్యాయమైనదేనని నాకు అర్థమైంది. ఇది రాస్తున్నది 2021 ఏప్రిల్‌లో, కింద చెప్పే రూల్సు, రేట్లు, గడువులు అన్నీ అప్పటివే; హైదరాబాద్‌లో ఎండలు మొదలైపోయాయి. మీరూ తీసుకెళ్లబోతుంటే ఈ వరసలో వెళ్లండి.

ముందు రిజిస్ట్రేషన్. మార్చి 1 నుంచి 60 దాటినవాళ్లకు, ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ వేస్తున్నారు. టీకా కోసం గవర్నమెంట్ పెట్టిన కోవిన్ సైట్‌లో ఒక్క ఫోన్ నంబర్ మీద నలుగురి పేర్లు ఎక్కించుకోవచ్చు కాబట్టి మీ నంబరే ఇవ్వండి, లేకపోతే ఓటీపీ వచ్చే టైముకి వాళ్లు ఫోన్ ఎక్కడ పెట్టారో ఇల్లంతా వెతుక్కోవాలి. స్లాట్ దొరకలేదా, ఆధారో ఓటరు కార్డో పట్టుకుని మధ్యాహ్నం 3 దాటాక నేరుగా వెళ్తే అక్కడే రాసుకుంటారు. గవర్నమెంట్ సెంటర్లో ఉచితం, ప్రైవేటులో డోసుకు 250 రూపాయలు.

రాసుకునేటప్పుడు మాత్రం కంప్యూటర్ స్క్రీన్ మీ కళ్లతో చూడండి. మొహమాటపడి నేను చూడలేదు. నాన్న పుట్టింది 1945లో అయితే వాళ్లు 1954 కొట్టారు, ఇంటికొచ్చి సర్టిఫికెట్ తెరిచాక గానీ తెలియలేదు. అది సరిచేయించడానికి ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నా.

ముందురోజు మీరొక్కరే వెళ్లి సెంటర్ చూసి రండి, ఇది ఎవరూ చెప్పరు. మెట్లెన్ని, లిఫ్ట్ పనిచేస్తోందా, కుర్చీలున్నాయా, లైను నీడలో ఉందా ఎండలో ఉందా, బాత్రూమ్ ఏ అంతస్తులో. నేను చూడకుండా తీసుకెళ్లా. పేర్లు రాసేది కింద, టీకా వేసేది రెండో అంతస్తులో! ఆ మోకాళ్లతో నాన్న రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, మధ్యలో ఆగి "పర్లేదురా, ఇంకెన్నున్నాయి?" అని అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టైంది. ఇంటికి దగ్గర్లో కింది అంతస్తులోనే వేసే సెంటర్ ఉంటే, కాస్త ఆలస్యమైనా సరే, అదే నయం.

వెళ్లే రోజు టిఫిన్ తినిపించండి. శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి ఉపవాసం లాంటివి ఉంటే ఆ రోజు వద్దు. బీపీ, షుగర్ మాత్రలు ఎప్పటిలాగే వేసుకోవాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే వాళ్ల డాక్టర్ని అడగండి, సొంతంగా ఆపేయకండి, సెంటర్లో కూడా చెప్పండి. ఈమధ్యే కరోనా వచ్చి తగ్గినవాళ్లు 4 నుంచి 8 వారాలు ఆగాలి.

ఇంకోటి, జాకెట్ చేతులు. నవ్వకండి. సూది వేసేది భుజానికి కాస్త కింద, అమ్మేమో మోచేతి దాకా బిగుతుగా ఉన్న పట్టు జాకెట్ వేసుకొచ్చింది. "ఎక్కడ వేయమంటావమ్మా?" అని నర్సు నవ్వింది. వెనక లైన్లో ఇరవై మంది, అమ్మ పైట అడ్డం పెట్టుకుని రెండు హుక్కులు విప్పేదాకా నేను గోడకేసి చూస్తూ నిలబడ్డా.

ఏ టీకా అని బేరాలు పెట్టుకోవద్దు. మన శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో తయారయ్యే కొవాగ్జినే కావాలని అమ్మ పట్టుబట్టింది గానీ, ఆ రోజు ఉన్నది కొవిషీల్డ్, అదే వేశారు. మొదటిది ఏది వేస్తే రెండోదీ అదే వేయించాలి. కొవాగ్జిన్‌కి 4 నుంచి 6 వారాలు, కొవిషీల్డ్‌కి ఇప్పుడు 6 నుంచి 8 వారాలు అంటున్నారు. ఆ తేదీ వాళ్ల కళ్లెదుట క్యాలెండర్ మీదే రాయండి, మన ఫోన్లో ఉంటే వాళ్లకేం తెలుస్తుంది.

వేసిన చోట రుద్దకుండా నొక్కి పట్టుకోవాలి. అరగంట అక్కడే కూర్చోవాలి, ఎవరు తొందరపెట్టినా లేవకండి. మొహం వాచినా ఊపిరి అందకపోయినా వెంటనే అక్కడి స్టాఫ్‌ని పిలవండి. ఆ రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు మామూలే, పారాసిటమాల్‌తో ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతాయి.

ఇక రోజువారీ సంగతి. టీకా అయిపోయిందిగా అని నాన్న మర్నాడే మాస్కు జేబులో పెట్టుకుని రైతుబజార్‌కి బయల్దేరారు. పూర్తి రక్షణ రెండో డోసు తర్వాత రెండు వారాలకు గానీ రాదు, అప్పుడు కూడా మాస్కు తీయమని ఎవరూ అనలేదు. వద్దు వద్దు అని ఇంట్లో కట్టేస్తే ఊరుకోరు కాబట్టి మేం రాజీకొచ్చాం: కూరగాయలు నేను తెస్తా, పొద్దున్నే జనం లేనప్పుడు ఆయన వాకింగ్‌కి వెళ్తారు, వచ్చినవాళ్లను హాల్లో కాకుండా గాలి ఆడే బాల్కనీలో కూర్చోబెడతారు.

వేలికి పెట్టుకుని రక్తంలో ఆక్సిజన్ శాతం చూసుకునే పల్స్ ఆక్సీమీటర్ కొంటే వాడటం కూడా నేర్పించండి. 94 కంటే తగ్గితే డాక్టర్‌కి ఫోన్ చేయాలి, కానీ చేతులు చల్లగా ఉన్నా, కదిలినా అది తప్పు చూపిస్తుంది. మొన్న నాన్న కూలర్ ముందు కూర్చుని వేలు పెడితే 88 వచ్చింది, ఇంట్లో అందరికీ పైప్రాణాలు పైనే పోయాయి. చేతులు రుద్దుకుని, ఐదు నిమిషాలు ఆగి, కదలకుండా మళ్లీ చూస్తే 97.