మెమరీ తింటున్నది డేటాబేసా, మీ కోడా?

లక్షణం: రీస్టార్ట్ చేసిన రోజు సర్వర్ బాగానే ఉంటుంది. రెండు మూడు రోజుల్లో మెమరీ మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. ఒక రాత్రి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కనెక్షన్లన్నీ ఒకేసారి తెగిపోతాయి. లాగ్‌లో డేటాబేస్ పడి లేచినట్టు కనిపిస్తుంది కాబట్టి నింద దానిమీదకే పోతుంది.

ర్యామ్ పెంచడానికో, రోజూ వేళకి రీస్టార్ట్ చేసే క్రాన్ పెట్టడానికో పరుగెత్తే ముందు, పెరుగుతున్నది ఏ ప్రాసెసో చూడండి. నిమిషం పని. అందరూ దాటేసేది దీన్నే. 'ఫ్రీ' కమాండ్‌లో చూడాల్సింది 'అవైలబుల్' అంకె. 'ఫ్రీ' అంకె తక్కువగా ఉంటే కంగారేం లేదు, ఖాళీ మెమరీని లైనక్స్ ఫైల్ క్యాష్‌కి వాడుకుంటుంది. 'టాప్'లో ఒక్కో పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ 2 జీబీ చూపిస్తోందని 40 కనెక్షన్లకి 80 జీబీ అని లెక్కలు కట్టకండి. షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ డేటా క్యాష్) ఆ ప్రాసెస్‌లందరికీ ఉమ్మడి ఆస్తి, కానీ ప్రతివాడి ఖాతాలోనూ రాసి ఉంటుంది. అసలు వాటా కావాలంటే ఆ ప్రాసెస్ స్మాప్స్ రోలప్ ఫైల్లో పీఎస్ఎస్ (ఉమ్మడిది పంచి లెక్కేసిన) అంకె చూడండి.

మెమరీ అయిపోతే కెర్నల్ ఏదో ఒక ప్రాసెస్‌ని చంపేస్తుంది. కెర్నల్ లాగ్‌లో ఆ చచ్చిన ప్రాసెస్ పేరు దగ్గరే ఆగిపోవద్దు. దాని పైన, ఆ క్షణాన ఎవరెంత వాడుతున్నారో పట్టిక ఉంటుంది. ఆర్‌ఎస్‌ఎస్ (ర్యామ్‌లో ప్రాసెస్ వాడుతున్నది) అంకెలు పేజీల్లో ఉంటాయి. పేజీ 4 కేబీ అయితే 4తో గుణించుకోండి. తిన్నది యాప్ వర్కరైనా, బలైంది పోస్ట్‌గ్రెస్ బ్యాకెండ్ (ఒక కనెక్షన్‌ని చూసుకునే ప్రాసెస్) కావచ్చు. ఒక బ్యాకెండ్ అలా చచ్చినా పోస్ట్‌గ్రెస్ ప్రధాన ప్రాసెస్ పోస్ట్‌మాస్టర్ మిగతావన్నీ దింపేసి రికవరీకి వెళ్తుంది.

పెరిగేది పైథాన్ వర్కరైతే మొదట అనుమానించాల్సింది సైకోపీజీ (పైథాన్‌ని పోస్ట్‌గ్రెస్‌తో కలిపే లైబ్రరీ) మామూలు కర్సర్‌ని, అంటే క్వెరీ ఫలితాన్ని చదివిచ్చేదాన్ని. కోడ్‌లో 'ఫెచ్‌మెనీ 500' అని ఉంటుంది, చూసినవాళ్లంతా ఇది సురక్షితమే అనుకుంటారు. కాదు. 'ఎగ్జిక్యూట్' పూర్తయ్యేసరికే వరసలన్నీ క్లయింట్ వైపుకి వచ్చేసి ఉంటాయి. ఫెచ్‌మెనీ వాటిలోంచి 500 చొప్పున పైథాన్ ఆబ్జెక్టులుగా మారుస్తుంది, అంతే. వరస 1 కేబీ అనుకుంటే 10 లక్షల వరసలకి దాదాపు 1 జీబీ. అదంతా లిబ్‌పీక్యూ అనే సీ లైబ్రరీ చేతిలో ఉంటుంది కాబట్టి పైథాన్ మెమరీ ప్రొఫైలర్ ట్రేస్‌మాలక్‌కి కనపడదు. ప్రొఫైలర్ చిన్న అంకె చూపిస్తుంటే ఆర్‌ఎస్‌ఎస్ కొండెక్కి కూర్చుంటుంది. టెస్ట్ డేటాబేస్‌లో రెండు వేల వరసలే కాబట్టి అక్కడ ఎప్పుడూ దొరకదు. పని అయ్యాక విడుదల చేసినా, హీప్ (ప్రాసెస్ అడిగి తీసుకున్న మెమరీ) ముక్కలై ఉంటే మెమరీ పూర్తిగా కెర్నల్‌కి తిరిగి వెళ్లదు. మెట్లు అందుకే.

పరిష్కారం: కర్సర్‌కి పేరు పెట్టండి. పేరుంటే అది సర్వర్ వైపు కర్సర్. సైకోపీజీ2 అయితే ఫర్ లూప్‌లో డిఫాల్ట్‌గా 2000 చొప్పున తెస్తుంది. ఫెచ్‌మెనీ వాడితే సంఖ్య ఇవ్వడం మరవొద్దు, లేకపోతే ఒక్కో వరసకి ఒక్కో రౌండ్ ట్రిప్. ట్రాన్సాక్షన్ లోపలే వాడండి.

జాంగో వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో 'ఇటరేటర్' ఇదే పని చేస్తుంది. కానీ పీజీబౌన్సర్ (కనెక్షన్లని పంచే ప్రోగ్రామ్) ట్రాన్సాక్షన్ పూలింగ్ కోసం ఎవరో సర్వర్ వైపు కర్సర్లని ఆపేసే సెట్టింగ్ పెట్టి ఉంటే, ఇటరేటర్ చడీచప్పుడు లేకుండా పాత పద్ధతికే వెళ్తుంది. ఆ సెట్టింగ్ వెతకండి. ఉంటే, చివరి ఐడీ కంటే పెద్దవి, ఐడీ క్రమంలో, 2000 లిమిట్‌తో ముక్కలుగా తెచ్చుకోండి. ఆఫ్‌సెట్ జోలికి పోకండి, వెనక పేజీలకి వెళ్లేకొద్దీ నత్తనడకే.

పైథాన్ వెబ్ సర్వర్ గునికార్న్‌లో మ్యాక్స్ రిక్వెస్ట్స్ పెట్టి, కొన్ని రిక్వెస్ట్‌లకోసారి వర్కర్‌ని మార్చడం పైపైన కట్టు కట్టడమే. పుండు లోపల అలాగే ఉంటుంది.

పెరిగేది నిజంగా పోస్ట్‌గ్రెస్సే అయితే, సార్ట్‌లకీ హ్యాష్‌లకీ మెమరీ హద్దు పెట్టే వర్క్ మెమ్ సెట్టింగ్ చూడండి. డిఫాల్ట్ 4 ఎంబీ. అది కనెక్షన్‌కి కాదు, ప్లాన్‌లో ప్రతి సార్ట్‌కీ, ప్రతి హ్యాష్‌కీ, ప్రతి పారలల్ వర్కర్‌కీ విడిగా. 256 ఎంబీ చేస్తే, మూడు సార్ట్‌లున్న క్వెరీ లీడర్‌తో కలిపి మూడు ప్రాసెస్‌లలో నడిచినప్పుడు 2 జీబీ దాటొచ్చు. 15వ వెర్షన్ నుంచి హ్యాష్‌కి డిఫాల్ట్‌గా దానికి రెట్టింపు హక్కు కూడా ఉంది. మొత్తానికి తక్కువే ఉంచి, ఎక్కువ కావాల్సిన పెద్ద క్వెరీ ట్రాన్సాక్షన్‌లో మాత్రం సెట్ లోకల్ కమాండ్‌తో పెంచుకోండి.

ఎక్స్‌టెన్షన్ లీకులు, కెర్నల్ బగ్గులు ఉండొచ్చు. పైవన్నీ అయ్యాకే అటు వెళ్లండి.