అడవిలో ప్రార్థన కూటానికి బయలుదేరే ముందు జాగ్రత్తలు

– అటవీ శాఖ అనుమతి తీసుకున్నారా? దేవుని పని అని చెబితే గేటు తెరుచుకోదు.

– ఉపవాసం ఉండాలనుకునేవాళ్లు ముందే నాయకుడికి చెప్పాలి. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగాలి. ఖాళీ కడుపుతో కొండ ఎక్కితే కళ్లు తిరుగుతాయి. బైబిల్లో ఏలీయా ప్రవక్త నలభై రోజుల నడకకు ముందు దేవదూత అతనికి రెండుసార్లు రొట్టె, నీళ్లు ఇచ్చి తినిపించాడు (1 రాజులు 19). నడిచే రోజు తినండి, ఉపవాసం ఒకచోట కూర్చున్న రోజు పెట్టుకోండి.

– వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా తాగకండి. తెర్లాక కనీసం ఒక నిమిషం మరగనివ్వాలి. 2,000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు.

– మలవిసర్జనకు వెళ్లేటప్పుడు చిన్న పార తప్పనిసరి. వాగుకి 60 మీటర్ల దూరంలో, 15–20 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పని అయ్యాక మట్టి కప్పేయాలి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ద్వితీయోపదేశకాండం 23:13లో ఉన్నది ఇదే. సబ్బుతో కడిగే పనులకూ అదే దూరం, అది ఏ రకం సబ్బైనా సరే.

– మైకు, స్పీకర్లు ఇంట్లోనే. గూళ్ల కాలంలో పక్షులు బెదిరి గుడ్లు వదిలేసి పోతాయి.

– శిలువ చేయడానికి పచ్చి కొమ్మ నరకకండి. రాళ్ల మీద వాక్యాలు రాయకండి.

– ఉరుము వినిపిస్తే పాట ఆపేసి బండిలోకి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

– పిల్లలతో ఒక్క పెద్దమనిషినే పంపకండి, ఇద్దరుండాలి.

– దారి, తిరిగొచ్చే టైము కాగితం మీద రాసి ఇంటి దగ్గర ఒకరికి ఇవ్వండి.